ఏ సెక్షన్ కింద వేశారో ముందు అది అడగండి

ఈసారి వీసా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. అత్యవసర అధికారాల చట్టం చూపించి ప్రెసిడెంటు ట్రంప్ వేసిన టారిఫ్‌లు, అంటే దిగుమతి సుంకాలు, చెల్లవని 2026 ఫిబ్రవరి 20న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వారంలో నాకు వచ్చిన ఉత్తరాలన్నీ దాని గురించే. ముందే చెబుతున్నాను, నేను లాయర్ని కాదు. నెవార్క్ రేవు పక్కన కస్టమ్స్ బ్రోకర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. కంటెయినర్ కాగితాలు చూసీ చూసీ ఈ చట్టాలు వంటబట్టాయి. కేసు వేసే ఉద్దేశం ఉన్నవాళ్ళు మాత్రం లాయర్ దగ్గరికే వెళ్ళండి.

ప్రశ్న: మేడమ్‌గారూ, ఓక్ ట్రీ రోడ్డులో మాకు చిన్న బట్టల షాపు ఉంది. కిందటి అక్టోబరులో ఇండియా నుంచి కాటన్ టీషర్టులు తెప్పిస్తే, సరుకు ఖరీదులో మూడింట రెండు వంతులు డ్యూటీకే పోయింది. ఇప్పుడు అది చెల్లదంటున్నారు. అసలు ప్రెసిడెంటు ఒక్క సంతకంతో పన్ను ఎలా వేశాడు? చెల్లనిదాన్ని ఇన్నాళ్ళు ఎలా వసూలు చేశారు?
— బట్టల వ్యాపారి, ఎడిసన్, న్యూజెర్సీ

ముందు మీ ఎంట్రీ కాగితం, అంటే సరుకు దిగినప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చిన లెక్క, తియ్యండి. లెక్క తేలిగ్గా ఉండటానికి సరుకు పదివేల డాలర్లది అనుకుందాం. కాటన్ టీషర్టు మీద మామూలు సుంకం 16.5 శాతం, అంటే 1,650 డాలర్లు. దీని కింద మీ బ్రోకర్ ఇంకో రెండు వరుసలు వేసి ఉంటారు. రెండూ 99తో మొదలయ్యే టారిఫ్ కోడ్ నంబర్లే. ఒకటి ‘రెసిప్రోకల్’ (ప్రతి సుంకం) అని పేరు పెట్టి ఇండియా మీద 2025 ఆగస్టు 7 నుంచి వేసిన 25 శాతం. రెండోది రష్యా చమురు కొంటోందన్న కారణంతో ఆగస్టు 27 నుంచి వేసిన మరో 25 శాతం. ఆ రెండూ కలిసి 5,000. మొత్తం 6,650 డాలర్లు. సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ 5,000 వెనకున్న అధికారాన్ని. 1,650 జోలికి ఎవరూ పోలేదు, పోరు కూడా.

ఎందుకంటే అది అమెరికా చట్టసభ, అంటే కాంగ్రెస్, దారిలో వచ్చిన సుంకం. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షన్ మొదలయ్యేదే పన్నులు, సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌ది అన్న మాటతో. రెండో అధికరణం ప్రెసిడెంటు గురించి. అందులో సైన్యం ఉంది, ఒప్పందాలున్నాయి, క్షమాభిక్ష ఉంది. సుంకం ఊసే లేదు. 1789లో తొలి ప్రెసిడెంటు జార్జ్ వాషింగ్టన్ సంతకం చేసిన తొలి చట్టాల్లో ఒకటి సుంకాల చట్టమే. దాన్ని రాసింది కూడా కాంగ్రెసే.

మరి ప్రెసిడెంట్లు ఇన్ని టారిఫ్‌లు ఎలా వేస్తున్నారంటే, కాంగ్రెస్ అప్పుడప్పుడు చట్టాలు చేసి తన అధికారంలో కొంత వాళ్ళ చేతికిచ్చింది. ఇది మనవాళ్ళకి చెప్పడం తేలిక. ఊళ్ళో పొలం చూసుకోమని తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాం. ‘కౌలు వసూలు చెయ్యి, శిస్తు కట్టు’ అని రాసిస్తే, దాన్ని పట్టుకుని పొలం అమ్మేస్తానంటే రిజిస్ట్రార్ ఒప్పుకోడు. తమ్ముడు మంచివాడా కాదా, అమ్మకం లాభమా నష్టమా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. కాగితంలో ఏం రాశారన్నదే ప్రశ్న. మీ 5,000 డాలర్ల విషయంలో సుప్రీంకోర్టు చూసింది కూడా అంతే. ఈ టారిఫ్‌లు మంచివా చెడ్డవా అన్న జోలికి కోర్టు పోలేదు.

ఇక్కడ చూపించిన కాగితం 1977 నాటి అంతర్జాతీయ అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. మా బ్రోకర్లు ‘ఐఈపా’ అంటారు. విదేశాల నుంచి అసాధారణమైన ముప్పు వచ్చిందని ప్రెసిడెంటు ఎమర్జెన్సీ ప్రకటిస్తే, ఆ దేశపు ఆస్తులు స్తంభింపజేయొచ్చు, లావాదేవీలు ఆపొచ్చు, దిగుమతులను నియంత్రించొచ్చు. 1979లో టెహ్రాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్నప్పుడు ప్రెసిడెంటు కార్టర్ ఇరాన్ ఆస్తులు స్తంభింపజేసింది దీని కిందే. తర్వాత ప్రతి ప్రెసిడెంటూ ఆంక్షలకు దీన్నే వాడాడు. సుంకం వేయడానికి మాత్రం 2025 దాకా ఎవరూ వాడలేదు. ఆ చట్టం మొత్తం గాలించినా సుంకం, టారిఫ్, పన్ను అన్న మాట ఒక్కచోట కూడా కనపడదు.

‘నియంత్రించడం’ అన్నదాంట్లో సుంకం వేయడం కూడా ఉందని ప్రభుత్వ వాదన. 2025 నవంబరు 5న సుప్రీంకోర్టులో వాదనలు జరిగినప్పుడు ప్రభుత్వం తరఫున వాదించిన సొలిసిటర్ జనరల్ జాన్ సావర్ ఇంకో అడుగు ముందుకేసి, ఇవి ఆదాయం కోసం వేసిన సుంకాలు కావు, నియంత్రణ కోసం వేసినవి, డబ్బు రావడం కాకతాళీయం అన్నారు. నాకైతే నవ్వొచ్చింది. అదే ప్రభుత్వం ఖజానాకి ఎన్ని కోట్ల డాలర్లు వచ్చి పడుతున్నాయో ప్రతి వారం చెప్పుకుంటూనే ఉంది కదా!

తీర్పు 6–3. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. ఏ దేశం మీదైనా, ఏ సరుకు మీదైనా, ఎంతైనా, ఎన్నాళ్ళయినా సుంకం వేసుకోమని కాంగ్రెస్ ఇవ్వదలుచుకుంటే ఆ మాట స్పష్టంగా రాసి ఉండేది, ఇలా ఒక మూల దాచేది కాదు అన్నది దాని సారం. ఆ ఆరుగురిలోనూ దారులు వేరయ్యాయి. అంత పెద్ద విషయానికి కాంగ్రెస్ నుంచి విస్పష్టమైన అనుమతి ఉండి తీరాలన్న సిద్ధాంతాన్ని రాబర్ట్స్, గోర్సచ్, బారెట్ పట్టుకున్నారు. ఆ సిద్ధాంతం అక్కర్లేదు, చట్టాన్ని మామూలుగా చదివినా ఇదే తేలుతుందని కేగన్, సోటోమయోర్, జాక్సన్ అన్నారు. థామస్, అలీటో, కావనా ఒప్పుకోలేదు. దిగుమతిని పూర్తిగా ఆపేసే అధికారం ఉన్నవాడికి అంతకంటే చిన్నదైన సుంకం వేసే అధికారం లేకపోవడమేమిటి అన్నది వాళ్ళ వాదన. కొట్టిపారేయదగ్గ వాదన కాదది. నేను మాత్రం ఒప్పుకోను. సరుకును గుమ్మం దగ్గర ఆపడం వేరు, లోపలికి రానిచ్చి దాని మీద డబ్బు గుంజుకోవడం వేరు. రెండోది పన్ను. అది ఎవరు వేస్తే చెల్లుతుందన్న గొడవ మీదే ఈ దేశం పుట్టింది.

ఇక ఇన్నాళ్ళు ఎలా వసూలు చేశారంటారా? న్యూయార్క్‌లో వైన్ దిగుమతి చేసుకునే వీఓఎస్ సెలెక్షన్స్ అనే చిన్న కంపెనీ, ఇంకో నాలుగు చిన్న వ్యాపారాలు కలిసి కేసు వేశాయి. మన్‌హటన్‌లోని కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ట్రేడ్ 2025 మే 28నే ఇది చెల్లదని చెప్పింది. మర్నాడే అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పు అమలును ఆపింది. ఆగస్టు 29న ఆ అప్పీళ్ళ కోర్టు కూడా 7–4తో చెల్లదనే అంది, అంటూనే పైకోర్టుకు వెళ్ళడానికి గడువిచ్చింది. అలా కింద రెండు కోర్టుల్లో ఓడిపోతూనే డ్యూటీ వసూలు చేశారు. మీరు అక్టోబరులో కట్టింది ఆ సందులోనే.

ప్రశ్న: ఆంటీ, నేను ఆస్టిన్‌లో లా చదువుతున్నాను. 1971లో ప్రెసిడెంటు నిక్సన్ కూడా ఇలాగే దిగుమతుల మీద సుంకం వేశాడని, కోర్టు సరేనందని మా క్లాసులో చెప్పారు. అప్పుడు చెల్లింది ఇప్పుడెందుకు చెల్లలేదు?
— విద్యార్థి, టెక్సాస్

బాబూ, ఇది జిప్పుల కేసు! 1971 ఆగస్టు 15, ఆదివారం రాత్రి నిక్సన్ టీవీలో కూర్చుని డాలరుకు బంగారం ఇవ్వడం ఆపేశాడు, జీతాలూ ధరలూ తొంభై రోజులు పెరగకూడదన్నాడు, ఆ ఊపులోనే దిగుమతుల మీద పది శాతం సర్‌ఛార్జి వేశాడు. జపాన్ నుంచి జిప్పులు తెప్పించుకునే యోషిదా ఇంటర్నేషనల్ కంపెనీ ఆ పది శాతం కట్టి, వెనక్కిమ్మని కేసు వేసింది. 1974లో కస్టమ్స్ కోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. 1975లో అప్పీళ్ళ కోర్టు దాన్ని తిరగేసి ప్రభుత్వాన్ని గెలిపించింది. అప్పుడు చూపించిన చట్టం 1917 నాటిది, శత్రుదేశాలతో వ్యాపారం గురించి చేసింది. దిగుమతులను నియంత్రించడం అన్న మాట అందులోదే. 1977లో ఐఈపా రాసినప్పుడు దాన్ని అలాగే ఎత్తి ఇందులో పెట్టారు. కాబట్టి ఆ మాటకు 1975లో కోర్టు చెప్పిన అర్థం కూడా దాంతో పాటే వచ్చిందని ప్రభుత్వం వాదించింది. మీ మాస్టారు చెప్పింది అదే అయ్యుంటుంది.

కానీ ఆ 1975 తీర్పును తిప్పి చూస్తే దానికి కట్టిన కంచెలు కనపడతాయి. నిక్సన్ సర్‌ఛార్జి తాత్కాలికం. ఆగస్టులో వేసి డిసెంబరులో తీసేశాడు. కాంగ్రెస్ తన పట్టికలో రాసుకున్న గరిష్ఠ రేటు ఉందే, దాన్ని దాటలేదు. అంటే ఒప్పందాల కింద తగ్గించిన సుంకాన్ని కొంత వెనక్కి పెంచాడన్నమాట. ప్రెసిడెంటు తనకు తోచిన రేటు వేసుకోవచ్చని మేమనడం లేదని ఆ జడ్జిలే రాశారు. ఈలోపు కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది కాబట్టి, ఇకమీదట ఇలాంటి సర్‌ఛార్జి వేస్తే ఆ చట్టం ప్రకారమే వేయాలని కూడా అన్నారు. అదే 1974 నాటి ట్రేడ్ యాక్టులోని 122వ సెక్షన్. దాని సంగతి కింద ఇంకొకరు అడిగారు, అక్కడ చూడు.

పైగా అది సుప్రీంకోర్టు తీర్పు కాదు, కింది అప్పీళ్ళ కోర్టుది. ఒకే ఒక్క కింది కోర్టు చెప్పినదాన్ని చూసి కాంగ్రెస్ అంత పెద్ద అధికారం ఇచ్చేసిందని అనుకోలేమని సుప్రీంకోర్టు తేల్చింది.

నీకు పరీక్షకు పనికొస్తుందని ఇంకొకటి చెబుతాను, నాకు ఇష్టమైన కేసు. తీర్పు వచ్చింది 1928లో. జె.డబ్ల్యు. హాంప్టన్ అనే న్యూయార్క్ దిగుమతిదారు బేరియం డయాక్సైడ్ తెప్పించుకున్నాడు. పౌనుకు నాలుగు సెంట్లు ఉండాల్సిన సుంకాన్ని ప్రెసిడెంటు కూలిడ్జ్ ఆరు సెంట్లు చేశాడు. నాలుగుకి రెండు కలపడం అంటే సరిగ్గా సగం పెంచడం. 1922 నాటి చట్టం అనుమతించిన హద్దు కూడా అంతే. అది కూడా టారిఫ్ కమిషన్ ఇక్కడి ఖర్చునీ అక్కడి ఖర్చునీ పోల్చి లెక్క తేల్చాకే పెంచాలి. అర్థమయ్యే సూత్రం ఒకటి కాంగ్రెస్ రాసిచ్చి, దాని ప్రకారం నడుచుకోమంటే తప్పులేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్, అంతకుముందు తనే ప్రెసిడెంటుగా చేసినవాడు. అధికారం అప్పగించడం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా నేటికీ కోర్టులు వెళ్ళేది ఆ రెండు సెంట్ల కేసు దగ్గరికే.

ప్రశ్న: తీర్పు పొద్దున వచ్చింది, సాయంత్రానికల్లా ప్రపంచం మొత్తం మీద మళ్ళీ 10 శాతం వేశారు. ఇక ఈ తీర్పు దేనికండీ?
— రిటైర్డ్ ఇంజనీర్, శాన్ హోసే

మీ విసుగు అర్థమైంది. కానీ తేడా ఉంది, చాలా ఉంది. ఫిబ్రవరి 24 నుంచి మొదలైన ఆ 10 శాతం 122వ సెక్షన్ కింద వేసింది. ఆ సెక్షన్‌లో గరిష్ఠం 15 శాతం. గడువు 150 రోజులు. ఆ తర్వాత కొనసాగాలంటే కాంగ్రెస్ ఓటేయాలి. ఒక దేశం మీద కోపమొచ్చి దాని మీద ఒక్కదాని మీదే యాభై శాతం బాదడానికి ఇందులో వీల్లేదు, సాధారణంగా అందరికీ ఒకే రేటు. లెక్కేస్తే 2026 జూలై నాలుగో వారంతో ఆ గడువు సరి. అర్ధరాత్రి పోస్టు పెట్టి తెల్లారేసరికి రేటు మార్చే పద్ధతికీ దీనికీ పోలికే లేదు. పైన చెప్పిన టీషర్టులే ఆ 10 శాతం ఉన్న రోజుల్లో వస్తే 16.5, 10 కలిపి 26.5 శాతం. పదివేల సరుకుకి 2,650. అప్పటి 6,650తో పోల్చి చూసుకోండి.

ఇంకో తమాషా. 122 వాడాలంటే దేశానికి పెద్ద ఎత్తున, తీవ్రమైన చెల్లింపుల లోటు ఉండాలని చట్టంలో రాసి ఉంది. వాణిజ్య లోటు, చెల్లింపుల లోటు ఒకటి కావు. సరుకులు ఎక్కువ కొని తక్కువ అమ్మితే వాణిజ్య లోటు. దేశంలోకి వచ్చే డబ్బూ పోయే డబ్బూ మొత్తంగా తూగకపోతే చెల్లింపుల లోటు. డాలరు విలువ బంగారానికి కట్టేసి ఉన్న రోజుల్లో ఇది నిజమైన భయం. నిక్సన్ టీవీకెక్కింది అందుకే. ఇప్పుడు డాలరు విలువను మార్కెట్టే తేలుస్తోంది. ఐఈపా కేసులో ప్రభుత్వ లాయర్లే అప్పీళ్ళ కోర్టుకు ఏం రాసిచ్చారో తెలుసా? మా సమస్య వాణిజ్య లోటు, అది చెల్లింపుల లోటు కంటే వేరు, కాబట్టి 122 ఇక్కడ వర్తించేలా లేదు అని! ఆ కాగితం రేపు ఎవరో ఒకరు కోర్టులో తీస్తారు. 2026 దాకా ఈ సెక్షన్‌ని ఏ ప్రెసిడెంటూ ముట్టుకోలేదు కాబట్టి, ఇందులో ప్రతి మాటనూ కోర్టులు మొదటిసారి చదవాల్సిందే.

ప్రశ్న: మేడమ్, మాది కారు విడిభాగాల కంపెనీ, నేను కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తాను. స్టీలు మీద 50 శాతం కూడా పోయిందేమోనని మా బాస్ సంబరపడుతున్నాడు. నిజమేనా?
— ట్రాయ్, మిషిగన్

పోలేదు. మీ బాస్‌కి మెల్లగా చెప్పండి.

స్టీలు, అల్యూమినియం, కార్లు, రాగి ఇవన్నీ 232వ సెక్షన్ కింద ఉన్నాయి. ఇది 1962 నాటి ట్రేడ్ ఎక్స్‌పాన్షన్ యాక్టులోది. మొన్నటి తీర్పు దీని జోలికి రాలేదు. ఫలానా దిగుమతి జాతీయ భద్రతకు ముప్పా అని వాణిజ్య శాఖ విచారించాలి, దానికి 270 రోజుల గడువు. నివేదిక వచ్చాక ప్రెసిడెంటు 90 రోజుల్లో తేల్చాలి, తేల్చాక 15 రోజుల్లో అమలు మొదలుపెట్టాలి. చదవడానికి బాగుంది. కానీ రేటుకి పైహద్దు లేదు, కాలానికి హద్దు లేదు. స్టీలు మీద 2018లో 25 వేశారు. 2025 మార్చిలో మినహాయింపులన్నీ తీసేశారు. జూన్ 4 నుంచి 50 చేశారు.

నన్నడిగితే అసలు కన్నం ఇక్కడుంది. అందరూ ఐఈపా తీర్పు చూసి పండగ చేసుకుంటున్నారు గానీ, జాతీయ భద్రత అన్న మాటకు కోర్టులు చాలావరకు అడ్డు చెప్పలేదు. 1976లో చమురు దిగుమతుల మీద వేసిన లైసెన్సు ఫీజును సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే ఒప్పుకుంది. 2018లో టర్కీ స్టీలు మీద సుంకం ఉన్నట్టుండి రెట్టింపు చేస్తే, గడువు దాటాక ఎలా పెంచుతారని కింది కోర్టు కొట్టేసింది. 2021లో అప్పీళ్ళ కోర్టు మళ్ళీ నిలబెట్టింది. మొదట్లో తీసుకున్న చర్యకే అది కొనసాగింపు కాబట్టి గడువు అడ్డం రాదట. 2025 అక్టోబరులో సోఫాలు, కిచెన్ క్యాబినెట్లు, బాత్రూమ్ వానిటీలు కూడా 232 కిందికి వచ్చాయి, 25 శాతంతో. సోఫా దేశ భద్రతకు ఎలా ముప్పో అధికారిక ప్రకటన చదివాను. చెక్క పరిశ్రమ బాగుంటేనే రక్షణ అవసరాలు తీరతాయట. సరే!

చైనా సరుకుల మీద 2018 నుంచి ఉన్నవి ట్రేడ్ యాక్టులోని 301వ సెక్షన్ కింద వేసినవి. అవి కూడా ఉన్నాయి. అక్కడ విచారణ, బహిరంగ అభిప్రాయ సేకరణ, నాలుగేళ్ళకోసారి సమీక్ష ఉంటాయి, కాబట్టి కనీసం ముందు తెలుస్తుంది. 1930 నాటి చట్టంలో 338 అని ఒకటుంది. అమెరికా సరుకు మీద వివక్ష చూపే దేశం మీద 50 శాతం దాకా వేయొచ్చంటుంది. ఇన్నేళ్ళలో దాని కింద ఒక్క సుంకం కూడా పడలేదు. ఇక ముందు పేపర్లో ఆ నంబరు కనపడితే ఆశ్చర్యపోకండి.

మీ పని వరకు ఒక్కటే. కొటేషన్ వేసే ముందు ఆ భాగానికి ఏ సెక్షన్ వర్తిస్తుందో బ్రోకర్ని అడిగి పక్కన రాసుకోండి. ‘టారిఫ్ 50’ అని రాసుకుంటే లాభం లేదు. ఏ సెక్షనో తెలిస్తే అది ఎలా పోతుందో, ఎప్పుడు పోతుందో, అసలు పోతుందో లేదో తెలుస్తుంది.

ప్రశ్న: అధికారం కాంగ్రెస్‌దే అయితే కాంగ్రెస్ ఇదంతా ఎందుకు ఆపలేదు?
— గృహిణి, అట్లాంటా

ఆపడం కష్టం చేసుకుంది కాబట్టి. 1976 నాటి నేషనల్ ఎమర్జెన్సీస్ యాక్టు రాసినప్పుడు, రెండు సభలూ తీర్మానిస్తే చాలు, ప్రెసిడెంటు సంతకం అక్కర్లేకుండానే ఎమర్జెన్సీ రద్దయ్యేది. 1983లో చధా అనే కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమంది. దాంతో ఇప్పుడు రద్దు తీర్మానం కూడా ప్రెసిడెంటు దగ్గరికే సంతకానికి వెళ్ళాలి. ఎమర్జెన్సీ పెట్టినవాడే అది తీసేసే కాగితం మీద సంతకం పెడతాడా? వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది కావాలి.

ఇక ఉన్న దారిలోనైనా నడిచారా అంటే, 2025 అక్టోబరు చివర్లో సెనేట్ బ్రెజిల్ మీద వేసిన సుంకాలకు వ్యతిరేకంగా 52–48తో తీర్మానం చేసింది. కెనడా మీద, మిగతా ప్రపంచం మీద వేసినవాటికి వ్యతిరేకంగా కూడా చేసింది. ప్రతినిధుల సభలో ఏం చేశారో వినండి. ఇలాంటి తీర్మానం వస్తే కమిటీ 15 క్యాలెండర్ రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అందుకని ఆ ఏడాది మార్చిలోనే, ఆ ఏడాది సమావేశాలు ముగిసేదాకా ఏ రోజూ క్యాలెండర్ రోజు కిందికి రాదని సభ నిబంధన పెట్టుకుంది! తెల్లారేది, పొద్దుగూకేది, రోజు మాత్రం గడిచేది కాదు. ఓటు వేస్తే సొంత పార్టీ ప్రెసిడెంటుకు కోపం, వేయకపోతే నియోజకవర్గంలో రైతులకూ వ్యాపారులకూ కోపం. ఓటింగే రాకుండా చేసుకుంటే ఇద్దరికీ సర్దిచెప్పుకోవచ్చు. ఈ విషయంలో ప్రెసిడెంటు మీదకంటే నాకు వీళ్ళ మీదే ఎక్కువ మంట.

ప్రశ్న: అక్కా, ఇంట్లోనే చిన్న బొటిక్ నడుపుతున్నాను. చీరలు, డ్రెస్సులు తెప్పించినప్పుడల్లా కొరియర్ వాళ్ళు డ్యూటీ బిల్లు పంపేవాళ్ళు, కట్టేశాను. కొన్నిసార్లు హోల్‌సేలర్ దగ్గర కూడా కొన్నాను, ఆయన ‘టారిఫ్ ఛార్జి’ అని వేశాడు. ఇవన్నీ వెనక్కి వస్తాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— కేటీ, టెక్సాస్

అమ్మా, మూడు రకాలుగా విడగొట్టు.

హోల్‌సేలర్‌కి కట్టింది ప్రభుత్వ లెక్కలో నువ్వు కట్టిన సుంకం కాదు. అది ఆయన చెప్పిన ధరలో భాగం. సుంకం కట్టింది ఆయన, రిఫండ్ వస్తే ఆయనకే వస్తుంది. నీకు పంచుతాడా లేదా అన్నది మీ ఇద్దరి మధ్య మాట. ఇన్వాయిస్‌లో ఆ ఛార్జిని విడిగా చూపించి ఉంటే అడగడానికి నీకు బలం ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని మర్యాదగా ఒక ఈమెయిల్ రాయి.

కొరియర్ బిల్లులు రెండో రకం. ఇక్కడ చూడాల్సింది ఎంట్రీలో ‘ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్’ అని ఎవరి పేరు ఉందన్నది. డబ్బు నీ జేబులోంచి పోయినా, కొన్నిసార్లు అక్కడ కొరియర్ కంపెనీ పేరే ఉంటుంది. అలా ఉంటే కస్టమ్స్ దృష్టిలో కట్టింది వాళ్ళు. ప్రతి పార్శిల్‌కీ ఎంట్రీ నంబరు, డ్యూటీ కట్టిన రసీదు అడిగి తీసుకో.

మూడోది నీ పేరు మీదే ఉన్న ఎంట్రీలు, ఎడిసన్ షాపాయన కంటెయినర్ లాంటివి. సుప్రీంకోర్టు తీర్పులో రిఫండ్ ఎలా ఇవ్వాలో ఒక్క మాట లేదు. అందుకని ఉన్న గడువులు కాపాడుకోవాలి. సరుకు వచ్చిన రోజున కట్టేది ఒక రకంగా అంచనా డ్యూటీ. మామూలుగా 314 రోజులకు కస్టమ్స్ ఆ ఎంట్రీని ‘లిక్విడేట్’ చేస్తుంది, అంటే లెక్క ఖరారు చేస్తుంది. 2025 అక్టోబరులో వచ్చినవాటికి ఆ లెక్కన 2026 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఖరారు. ఖరారైన రోజు నుంచి 180 రోజుల్లోపు ప్రొటెస్ట్, అంటే కస్టమ్స్‌కి అభ్యంతరం, వేయొచ్చు. అది దాటితే ఆ దారి మూసుకుపోతుంది. 2025 ఫిబ్రవరిలో చైనా నుంచి తెప్పించినవేమైనా ఉంటే అవి ఈపాటికే ఖరారై ఉంటాయి, వాటి తేదీలు ముందు చూడు. ప్రభుత్వం తనంతట తనే ఇచ్చేస్తుందిలే అని కూర్చోకు. ఇచ్చినా సరే, ప్రొటెస్ట్ వేసి ఉంచుకున్నందువల్ల నష్టం లేదు.

‘మీ రిఫండ్ హక్కు మాకు అమ్మేయండి, ఇప్పుడే క్యాష్ ఇస్తాం’ అని ఫోన్లు వస్తాయి. వచ్చేదాంట్లో చాలా తక్కువ చేతిలో పెట్టి మిగతాది వాళ్ళు తీసుకునే బేరం అది. పెద్ద కంపెనీలకు అవసరమేమో గానీ, నీలాంటివాళ్ళకు తొందరపడాల్సిన పని లేదు.

ఇంకొక్క పని ఈ వారమే చేసుకో. 2026 ఫిబ్రవరి 6 నుంచి కస్టమ్స్ రిఫండ్‌లను చెక్కుల్లో పంపడం ఆపేసి నేరుగా బ్యాంకు ఖాతాలోనే వేస్తోంది. దానికి కస్టమ్స్ వాళ్ళ ‘ఏస్’ పోర్టల్‌లో నీ పేరు మీద ఖాతా ఉండి, అందులో బ్యాంకు వివరాలు ఎక్కించి ఉండాలి. మీ బ్రోకర్ ఖాతా ఉంది కదా అని వదిలేయకు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలో అక్కడ నువ్వే చెప్పాలి. ఇంపోర్టర్ నంబరు, ఎంట్రీ నంబర్ల జాబితా దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒక పూట పని.